ఆ కోపం ఎవరి మీదది?

తుమ్మలపల్లెలో ఆలుమగల మధ్య సాయంత్రం పూట గొడవ మొదలైతే, దాని మూలం కోసం ఆ సాయంత్రంలో వెతకడం దండగ. అది పొద్దున్నే ఎక్కడో మొదలై ఉంటుంది. బోరు నీళ్ళు తగ్గిన దగ్గరో, షిఫ్టు మారిన దగ్గరో, బిడ్డకు రాత్రంతా జ్వరం కాచిన దగ్గరో, స్కూలు ఫీజుకు గడువు దాటిన దగ్గరో. తీరా ఇంట్లో బయటపడేసరికి దాని రూపు మారిపోతుంది. "కూరలో ఉప్పు లేదు", "ఫోన్ ఎందుకు ఎత్తలేదు", "మీ అమ్మ ఆ మాట ఎందుకనాల" అనే మాటలుగా వస్తుంది. విన్నవాళ్ళు ఉప్పు గురించి, ఫోన్ గురించి, అత్త గురించి పోట్లాడుకుంటారు. అసలు బరువు మాత్రం మూలన అట్లే ఉండిపోతుంది.

పిల్లలను పెంచుతున్న దంపతులు పడే గొడవల్లో చాలా భాగం ఆ రోజు తెచ్చిపెట్టినవే. ఆ రోజు మీద రావాల్సిన కోపం పక్కనున్న మనిషి మీద పడుతుంది. రోజునూ మనిషినీ విడదీసి చూడటం ఎట్లాగో ఈ అధ్యాయంలో మాట్లాడుకుందాం. ఇది నేర్చుకోగలిగిన పనే. పెద్ద చదువులు అక్కర్లేదు. ఇద్దరిలో ఒకరు మొదలుపెడితే చాలు, రెండోవాళ్ళు మెల్లగా అందుకుంటారు.

రెండు బతుకుల ఇల్లు

వేముల మండలంలోని ఈ ఊరి పేరు దేశానికి తెలిసింది యురేనియం గనితో. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ఉత్పత్తి మొదలైంది. అంతకుముందు ఇక్కడి బతుకంతా చేనుతోనే. అరటి, చీనీ, చెనిక్కాయ. ఇప్పుడు చాలా ఇళ్ళలో రెండు బతుకులు ఒకే కప్పు కింద నడుస్తున్నాయి. ఒకటి షిఫ్టు ప్రకారం నడిచేది, రెండోది వానను, కరెంటును, మార్కెట్టును బట్టి నడిచేది. పిల్లల చదువేమో వేన్ ఎక్కి పులివెందుల వైపు పోతుంది. పెళ్ళి బట్టలకూ బంగారానికీ ప్రొద్దుటూరు పోవాలి. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు పక్కన ఉంటే, అక్కడ ఎవరికి బాగాలేకపోయినా ఆ బరువు కూడా ఈ ఇంటిదే.

ఒక ఇంటిని ఊహించుకుందాం. భర్త గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు. రెండెకరాల అరటి తోట ఉంది. ఎనిమిదేళ్ళ పాప, మూడేళ్ళ పిల్లోడు. మోకాళ్ళ నొప్పులతో అత్త. ఆ వారం అతనికి రాత్రి షిఫ్టు పడింది. తెల్లారి అతను ఇంటికి చేరేసరికి పాప జడ వేయించుకుంటూ ఉంటుంది, పొయ్యి మీద దోశ మాడుతూ ఉంటుంది. అతను పడుకోవాలి. ఎండాకాలం పగటి నిద్ర ఎట్లుంటుందో రాయలసీమవాళ్ళకు చెప్పక్కర్లేదు. పది దాటితే గది కాగుతుంది, కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, సరిగ్గా అప్పుడే పిల్లోడు తలుపు తడతాడు.

అతని కష్టం కంటికి కనబడుతుంది. ఆమె పని కనబడదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో నిశ్శబ్దాన్ని కాపాడేది ఆమే. "నాయన పండుకోనుండాడు, గలాటా చెయ్యాకండి" అని పిల్లోణ్ణి గదిమి, చంకనేసుకుని బయటికి పోయి, గిన్నెలు చప్పుడు కాకుండా దొడ్లో కడిగి, ఫోన్ మోగితే పరుగెత్తి వాకిట్లోకి పోయి మాట్లాడుతుంది. ఇది పని అని ఎవరూ లెక్కవేయరు. ఆమె కూడా వేయదు. కానీ మధ్యాహ్నానికి ఒళ్ళు ఆమెకు చెబుతుంది.

మూడు గంటలకు అతను తలనొప్పితో లేస్తాడు. కాఫీ గ్లాసు చేతికిస్తూ ఆమె నాలుగు సంగతులు ఒక్క ఊపిరిలో చెబుతుంది. మోటార్ స్టార్టర్ కాలిపోయింది. స్కూలు నుంచి ఫీజు మెసేజ్ వచ్చింది. అరటికాయల వ్యాపారి ఈ వారం కోత లేదన్నాడు. పిల్లోడికి మళ్ళీ దగ్గు.

"లేచీ లేవకముందే మొదలుపెడితివా!"

"ఇంకెప్పుడు చెప్పాల? నువ్వు మేలుకోనుండేదే ఇంతసేపు."

ఈ రెండు మాటల్లో తప్పు మాట ఒక్కటీ లేదు. నిద్ర నిండని మనిషి నాలుగు కష్టాలు ఒకేసారి వినలేడు. పొద్దుటినుంచి మోసిన మనిషి ఇంకొక గంట మోయలేదు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరికీ అవతలివాళ్ళు తమ మీద విరుచుకుపడ్డట్టే వినబడింది.

దిగడానికి కాస్త సమయం

1989లో రీనా రెపెటి అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగులను గమనించారు. ఒక్క క్షణం ఏమరుపాటు కూడా పనికిరాని ఉద్యోగం అది. విమానాల రద్దీ ఎక్కువగా ఉన్న రోజున వాళ్ళు ఇంటికొచ్చి మాటలు తగ్గించి, తమలోకి తాము ముడుచుకున్నారు. భార్య అండ బాగా ఉన్న ఇళ్ళలో ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. ఆ కాసేపటి మౌనం ఒళ్ళు మామూలు స్థితికి రావడానికి పనికొస్తుందని రెపెటి అభిప్రాయపడ్డారు. అంటే ఇంటికొచ్చిన మనిషి మూగగా కూర్చుంటే అది ప్రేమ తగ్గిన లక్షణం కానక్కర్లేదు.

ఈ మాట చదివి "చూశావా, అందుకే నన్ను కదిలించొద్దని చెప్పేది" అని మగవాళ్ళు ఇక్కడితో పుస్తకం మూసేస్తే మాత్రం అన్యాయం. ఎందుకంటే ఆమెకు ఆ కాసేపు ఎవరిస్తారు? 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు 88 నిమిషాలు. ఆ చెయ్యి కూడా పెట్టని మగవాళ్ళు ఈ లెక్కలో లేనే లేరు. పిల్లలను చూసుకునే సమయం దీనికి అదనం. కాబట్టి దిగే సమయం ఇద్దరికీ ఉండాలి, ఒకరి తర్వాత ఒకరికి.

ఆ ఇంట్లోనే దీన్ని అమలు చేద్దాం. అతను లేచాక అరగంట వార్తలేవీ వద్దు, కాఫీ, స్నానం. ఆ తర్వాత పాప వేన్ దిగే చోటికి పిల్లోణ్ణి తీసుకుని అతనే పోతాడు, వాళ్ళిద్దరినీ అరగంట బయటే ఆడించుకుని వస్తాడు. ఆ అరగంట ఆమెది. పడుకుంటుందో, టీవీ చూస్తుందో, ఊరికే కూర్చుంటుందో ఎవరూ అడగకూడదు. ఆ సమయంలో బట్టలు మడతపెట్టడం విశ్రాంతి కిందికి రాదు. అత్త "ఊరికే కూర్చుందే" అంటే జవాబు చెప్పాల్సింది కొడుకు, కోడలు కాదు. ఈ ఒక్క విషయంలో భర్తలు వెనక్కి తగ్గకూడదు. కోడలు చెబితే అది ఎదురు మాట అవుతుంది, కొడుకు చెబితే ఇంటి పద్ధతి అవుతుంది.

ఇక ఆమె చెప్పిన నాలుగు సంగతులు. వాటిలో ఈ పొద్దే తేలాల్సింది ఏది? స్టార్టర్. నీళ్ళు లేకపోతే తోట ఎండుతుంది, వ్యవసాయానికి కరెంటు ఇచ్చే గంటలు దాటిపోతే రేపటిదాకా ఆగాలి. కాబట్టి అది మాత్రం కాఫీ గ్లాసుతో పాటే చెప్పాలి. పిల్లోడి దగ్గు సాయంత్రం ఇద్దరూ కలిసి చూడాలి. ఫీజు, వ్యాపారి మాట రేపటికి ఆగుతాయి. ఆగేవాటిని ఒక కాగితం మీద రాసి గోడకు పెట్టినా చాలు. తలలో మోస్తున్నది కాగితం మీదికి దిగితే ఆమెకు సగం తేలిక. నాలుగు ఒకేసారి మీద పడకపోతే అతనికి సగం తేలిక.

ఇంకో చిన్న నియమం. రాత్రి షిఫ్టు ముగిసిన చివరి రోజున డబ్బు మాటలు, బంధువుల మాటలు, పిల్లల స్కూలు మార్చే మాటలు పెట్టుకోవద్దు. నిద్ర లేని తలతో తీసుకున్న నిర్ణయాన్ని రెండు రోజుల తర్వాత మళ్ళీ తవ్వుకోవాల్సి వస్తుంది.

మౌనానికి గడువు చెప్పడం

మౌనంగా కూర్చోవడం తప్పు కాదు, చెప్పకుండా కూర్చోవడమే చిక్కు తెస్తుంది. మొహం ముడుచుకుని మంచం మీద పడుకున్న మనిషిని చూసి ఇంట్లోవాళ్ళు తలా ఒక కారణం ఊహించుకుంటారు. భార్య తన వల్లే అనుకుంటుంది, తల్లి కోడలి వల్ల అనుకుంటుంది, పాప తన మార్కుల వల్ల అనుకుంటుంది. ఒక్క మాటతో ఈ ముగ్గురి భారమూ తీర్చొచ్చు.

"ఈపొద్దు పనికాడ మాట పడినా. నీ మీద కోపం కాదు. కాసేపు నన్ను వదిలెయ్, అన్నం తిన్యాక చెప్తా."

ఇందులో మూడు ఉన్నాయి. కష్టం ఎక్కడిదో చెప్పాడు, ఎవరి మీద కాదో చెప్పాడు, ఎప్పుడు మాట్లాడతాడో చెప్పాడు. ఆ మూడోది చాలా ముఖ్యం. గడువు చెప్పిన మౌనాన్ని ఎవరైనా ఓర్చుకుంటారు. చెప్పిన గడువుకు మాట్లాడటం కూడా అంతే ముఖ్యం, లేకపోతే రెండోసారి ఆ మాటను ఎవరూ నమ్మరు. ఇదే మాట ఆమె నోట కూడా రావాలి. "పిల్లోడితో విసిగిపోయినా, నీ మీద కాదు" అని పైకి అనడం మొదట కృతకంగా అనిపిస్తుంది. నోటికి అలవాటయ్యేదాకా అట్లే ఉంటుంది.

మాట పెరిగిపోయి, గుండె దడదడ కొట్టుకుంటుంటే ఇక ఆ పూటకు ఆపేయాలి. దంపతుల సంభాషణలను దశాబ్దాలుగా పరిశీలించిన జాన్ గాట్‌మన్, గుండె వేగం నిమిషానికి 100 దాటితే అవతలివాళ్ళ మాట సరిగా చెవికెక్కదని, ఒళ్ళు చల్లబడటానికి కనీసం 20 నిమిషాలు కావాలని చెబుతారు. తోట దాకా నడిచి రండి. నడుస్తున్నంతసేపూ తిరగబడి ఏమనాలో తలలో పేర్చుకుంటుంటే మాత్రం ఆ నడక వృథా. ఆ గాట్‌మన్ బృందం పరిశోధనలోనే, బిడ్డ పుట్టిన తొలి మూడేళ్ళలో మూడింట రెండొంతుల జంటల్లో దాంపత్య తృప్తి తగ్గినట్టు తేలింది. మీ ఇంట్లోనే ఇట్లా ఉందని కుమిలిపోవాల్సిన పని లేదు.

నీళ్ళ క్యాను తగాదా

ఈ ఊరికి ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. దాన్ని దాటేసి పోతే ఈ అధ్యాయం తుమ్మలపల్లె గురించి రాసినట్టు కాదు. గని వ్యర్థాలు నింపే చెరువు దగ్గర్లోని కె.కె.కొట్టాల లాంటి ఊళ్ళ రైతులు బోరు నీళ్ళు మారాయనీ, తోటలు దెబ్బతిన్నాయనీ, ఒంటి మీద దురదలు వస్తున్నాయనీ ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. యురేనియం సంస్థ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. కమిటీలు వచ్చాయి, నీళ్ళు పట్టుకుపోయాయి. ఇళ్ళలో భయం మాత్రం పోలేదు.

ఈ భయం ఆలుమగల మధ్య ఎట్లా దిగబడుతుందో చూడండి. ఆమె పిల్లలకు బోరు నీళ్ళు తాపనంటుంది, క్యాన్లు కొంటుంది. నెల చివర లెక్క చూసి అతను విసుక్కుంటాడు. "నేను లోపలికే పోయి పనిచేసి వస్తాండా, నాకేమన్నా అయిందా?" ఆమె వినేది వేరు: బిడ్డల మీద నీకు దిగులు లేదు. ఆమె క్యాను తెచ్చినప్పుడల్లా అతను వినేది వేరు: నీ జీతం మన బిడ్డలకు కీడు. తనకు అన్నం పెడుతున్న పనినే శంకించడం అతనికి భరించరానిది. అతనికీ భయం ఉంది. దాన్ని ఒప్పుకుంటే రేపు డ్యూటీకి ఎట్లా పోవాల?

నీళ్ళు మంచివో కావో రాత్రి తొమ్మిది గంటలకు వంటింట్లో తేలదు. ఇంట్లో తేలని ప్రశ్నను ఇంట్లో తేల్చబోతే అది మొగుడూ పెళ్ళాల పోట్లాటగా మారుతుంది. కాబట్టి ముందుగా రెండు భాగాలు చేయండి. మన చేతిలో ఉన్నది: పిల్లలకు నెలకు ఎన్ని క్యాన్లు, ఆ ఖర్చు ఎక్కడ తగ్గించి ఇక్కడ పెట్టాలి. ఇది ఒకసారి కూర్చుని తేల్చుకుని, మళ్ళీ నెలనెలా తిరగదోడకూడదు. మన చేతిలో లేనిది: నీళ్ళ పరీక్ష, దాని ఫలితం అందరికీ చెప్పడం, చెడితే మంచినీళ్ళ ఏర్పాటు. ఇది గ్రామసభలో, సచివాలయంలో, అధికారుల ముందు అడగాల్సింది, ఊరంతా కలిసి అడగాల్సింది. అట్లా అడిగే అర్జీ మీద ఆమె సంతకం పెడితే అతని పనికి ముప్పేమోనన్న భయాన్ని కూడా ముందు ఇద్దరూ బయటికి చెప్పుకోవాలి. నోరు మూసుకుని సర్దుకోమని ఈ పుస్తకం ఎక్కడా చెప్పదు. ప్రశ్న ఎవరిని అడగాలో వాళ్ళను అడగమని చెబుతుంది. అప్పుడు ఇద్దరూ ఒకే వైపు నిలబడతారు.

అరటి ధర కూడా ఇట్లాంటిదే. గెల కోతకొచ్చే సమయానికి ధర పడిపోవడం వెనుక ఉన్నవి మార్కెట్టు, రవాణా, వ్యాపారులు. "అప్పుడే నేను చెప్పినా, చీనీ పెట్టుంటే సరిపోయుండు" అనే మాట వల్ల టన్నుకు ఒక్క రూపాయి పెరగదు.

మిద్దె మీద పావుగంట

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో గై బోడెన్‌మన్ అనే ఆచార్యుడు ఏళ్ళ తరబడి దంపతుల ఒత్తిడి మీద పనిచేశారు. పెద్ద ఆపదల కంటే రోజువారీ చిన్న చికాకులే జంటలను ఎక్కువగా దూరం చేస్తాయని ఆయన పరిశోధన చెబుతుంది. ఇది మన అనుభవానికి సరిపోయే మాట. ఎండాకాలం గాలివానకు తోట మొత్తం నేలకొరిగిన రోజు ఎవరూ ఎవరినీ నిందించరు. ఊరంతా వస్తుంది, ఇద్దరూ గట్టు మీద పక్కపక్కనే కూర్చుంటారు. కాలిన స్టార్టరు, తప్పిపోయిన వేను, దొరకని చెప్పు, వీటికి ఎవరూ రారు. ఇవి చెప్పుకోదగ్గ కష్టాలని కూడా మనకు అనిపించదు. చెప్పుకోం కాబట్టి పేరుకుంటాయి.

బోడెన్‌మన్ దంపతులకు నేర్పే పద్ధతిని మన ఇళ్ళకు తగ్గట్టు మార్చుకోవచ్చు. పిల్లలు నిద్రపోయాక మిద్దె మీదికి పోండి, ఫోన్లు కిందే పెట్టండి. ఈపొద్దు ఒకరు చెప్పాలి, రేపు ఇంకొకరు. పావుగంట చాలు. చెప్పేది ఇంటి బయట తగిలిన దెబ్బ గురించి. వినేవాళ్ళు మధ్యలో పరిష్కారం చెప్పకూడదు. మగవాళ్ళకు ఇది చాలా కష్టం. "అట్ట కాకుండా ఇట్ట చేసుంటే సరిపోయేది కదా" అన్నది సలహా అనుకుని అంటారు, విన్నవాళ్ళకు అది నింద. అంతా విన్నాక ఒకే ప్రశ్న: "నేనేం చేస్తే నీకు కాస్త తేలికైతుంది?" చాలాసార్లు "ఏం లేదులే, చెప్పుకుంటే చాలు" అనే జవాబే వస్తుంది.

భర్త కువైట్‌లో ఉన్న ఇళ్ళు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. వాళ్ళకు మిద్దె బదులు ఫోనే. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అతను రాత్రి తొమ్మిదికి గదికి చేరితే ఇక్కడ పదకొండున్నర. చాలామందికి అక్కడ సెలవు శుక్రవారం, ఇక్కడ బడికి సెలవు ఆదివారం. అందుకని పిల్లలతో మాట్లాడే కాల్ వేరుగా, ఇద్దరే మాట్లాడుకునే కాల్ వేరుగా పెట్టుకోండి. డబ్బు లెక్కలు వాయిస్ మెసేజ్‌లో పంపితే, ఆ పదకొండున్నర కాల్‌లో మాటలకు చోటు దొరుకుతుంది.

పిల్లలు ఏం వింటారు

తలుపు వేసుకుని మెల్లగా పోట్లాడుకుంటే పిల్లలకు తెలియదనుకుంటాం. అన్నం గిన్నె పెట్టే చప్పుడును బట్టి మూడేళ్ళ పిల్లోడికి కూడా తెలుస్తుంది. తల్లిదండ్రుల గొడవలు పిల్లల మీద చూపే ప్రభావాన్ని పరిశీలించిన అమెరికన్ పరిశోధకుడు మార్క్ కమింగ్స్, గొడవ సర్దుకోవడం పిల్లలకు తెలిస్తే వాళ్ళ కలత బాగా తగ్గుతుందని గమనించారు. మన ఇళ్ళలో పోట్లాట వసారాలో జరుగుతుంది, రాజీ గదిలో జరుగుతుంది. పిల్లలు మొదటిదే చూస్తారు. రాజీ కూడా వాళ్ళ ముందు పడనివ్వండి. "నాయన, నేను సర్దుకున్నాం, నీవల్ల కాదు మే" అని పాపకు చెబితే ఆ రాత్రి నిద్ర పడుతుంది.

ఒక అలవాటును మాత్రం ఈ వారమే మానుకోండి. మాటలు ఆగిపోయిన ఇంట్లో బిడ్డను మధ్యవర్తిగా నడపడం. "మీ నాయనకు చెప్పు, అన్నం పెట్టినానని." "మీ అమ్మకు చెప్పు, నాకొద్దని." ఐదడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య ఎనిమిదేళ్ళ పాప అటూ ఇటూ తిరుగుతుంది. మాట మోసేటప్పుడు అందులోని విసురు కాస్త తగ్గించి చెప్పడం కూడా నేర్చుకుంటుంది. అది తెలివి అని మురిసిపోకండి, బిడ్డ మోయకూడని బరువు అది.

ఒత్తిడి కిందికి రానివి

కొట్టడం ఒత్తిడి కిందికి రాదు. పనికాడ తిట్టిన సూపర్‌వైజర్ మీద చెయ్యి ఎత్తని మనిషి ఇంటికొచ్చి భార్య మీద ఎత్తితే, అతనికి చెయ్యి ఆపుకోవడం తెలుసనే అర్థం. అట్లాంటి ఇంట్లో మిద్దె మీద పావుగంట పద్ధతి పనికిరాదు, ఆమె క్షేమంగా ఉండటం మొదటి పని. మహిళల సహాయ నంబరు 181 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. గృహహింస చట్టం 2005లోనే వచ్చింది, ఆమెను ఇంట్లోంచి వెళ్ళగొట్టే హక్కు అది ఎవరికీ ఇవ్వలేదు.

రోజూ తాగితేనే నిద్ర పట్టడం, వారాల తరబడి నిద్ర లేకపోవడం, పిల్లలను చూస్తేనే చిరాకు, ఎందుకు బతకాలన్న ఆలోచన, ఇవి ఇంటి మాటలతో తగ్గేవి కావు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయొచ్చు. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. "మాకేమన్నా పిచ్చా" అని మగవాళ్ళు వెనకాడతారు. ఫోన్ ఎత్తాక ఏం చెప్పాలో తెలియక కూడా ఆగిపోతారు. జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు. "రాత్రి షిఫ్టు చేస్తా, నిద్ర పట్టడంల్యా, ఇంట్లో పిల్లల మీద ఊరికే కోపమొస్తాంది" అంటే చాలు. మిగతాది వాళ్ళే అడిగి తెలుసుకుంటారు.